పదిహేడు నెలలు

టెండరు కాగితంలో గడువు దగ్గర
పదిహేడు అని రాసింది నేనే.
పద్దెనిమిది దాటితే ధరల సవరణ సూత్రం లోపలికొస్తుంది.
సిమెంటుకో భిన్నం, ఇనుముకో భిన్నం,
డీజిలుకీ కూలికీ చెరొకటి,
నెలనెలా లిలోంగ్వే నుంచి రావలసిన సూచీలు,
అవి రాక ఆగిపోయే బిల్లులు.
చారణా కోడికి బారణా మసాలా ఎందుకని
ఒక్క నెల కోసేశాను.
జిల్లా ఖజానాకి మేలు చేశాననుకుని
ఆ సాయంత్రం చల్లటి సీసా ఒకటి ఎక్కువ తాగాను.

రుంఫీ దాటాక, బొగ్గు లారీలు దుమ్ము రేపే దారి పక్కన,
కాన్పుకి రోజులు దగ్గరపడ్డ ఆడవాళ్లు
ముందుగా వచ్చి ఉండడానికి
పన్నెండు మంచాల ఇల్లు.
యోతాము కుమ్వెండా అందరికన్నా తక్కువ రాశాడు.
పెట్టె తెరిచిన రోజు బస్తా సిమెంటు పదకొండు వేల క్వాచాలు.
గుండ్రటి చేతిరాత ఆయనది,
సున్నాలన్నీ పొదగేసిన గుడ్లలా ఉన్నాయి.

పునాది లేచేసరికి పద్నాలుగు.
కిటికీల ఎత్తుకి ఇరవై.
ఒక గురువారం రాత్రి రేడియోలో
క్వాచా విలువ తగ్గించామన్నారు.
తెల్లారేసరికి సొంగ్వే సరిహద్దులో లారీవాడు
బేరమాడ్డమే మానేశాడు.
ఇరవై ఏడు. కావాలంటే దించుకో.
నా బీరువాలో, ఫైల్లో మాత్రం
ఇంకా పదకొండే.

యోతాము వచ్చాడు. టోపీ మోకాలికి తగిలించి
కుర్చీ అంచున కూర్చున్నాడు.
"పికప్పు పోయింది సార్. నిన్న
మా ఆవిడ కుట్టుమిషను కూడా.
ఇంకేం అమ్మమంటారు?"
నలభై ఏడో నిబంధన చదివి వినిపించాను.
ధర స్థిరం.
స్థిరం అన్న మాట రెండుసార్లు పలికాను,
గట్టిగా అంటే నిలబడుతుందేమో అన్నట్టు.
ఆయన కోప్పడలేదు.
"సరే, పూర్తి చేస్తాను" అన్నాడు.
అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

వానలకి ముందు కొలతలకి వెళ్లాను.
రేకులు ఎక్కాయి. సున్నం తళతళలాడుతోంది.
మేస్త్రి లుసుంగు నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి
నా చేతుల వంకే చూస్తున్నాడు.
జేబులోంచి మేకు తీసి
ఇటుకల సందున గీశాను.
అరంగుళం. అంగుళం.
మారుమాట్లాడకుండా రాలింది ఇసుక,
నా బూటు మీద నూకల్లా.
ఒకటికి ఆరు ఉండాల్సింది
ఒకటికి పన్నెండు.

ధర ఎక్కడికీ పోలేదన్నమాట.
గుమ్మంలో నేను ఆపాననుకున్నది
దొడ్డిదారిన వచ్చి
గోడలో కూర్చుంది.

గేటు దగ్గర రాతి మీద న్యాగోండ్వే,
ఎనిమిది మైళ్లు నడిచొచ్చిన పాదాలు చాపుకుని,
బొజ్జ మీద చేయి వేసుకుని అడిగింది:
"నాకు ఈ వారంలోనే.
మీకెప్పుడు?"
లుసుంగు నవ్వాడు. నేను మోటారుసైకిలు తాళం వెతుక్కున్నాను.
అది చేతిలోనే ఉంది.

గోడలు కూల్చాలని రిపోర్టు రాశాను.
యోతాము పేరు మూడుచోట్ల వచ్చింది.
పదిహేడు గురించి ఒక్క ముక్క రాయలేదు.
ఆయన్ని నల్లజాబితాలో పెట్టిన ఉత్తరం
నా బల్ల మీదుగానే వెళ్లింది.
ముద్ర వంకరగా పడింది, అంతే.

ఇప్పుడు మళ్లీ టెండరు.
గడువు దగ్గర పందొమ్మిది రాశాను.
సిమెంటు, ఇనుము, డీజిలు, కూలి,
భిన్నాలన్నీ కూడి ఒకటి కావాలి, చేశాను.
అందులోనూ వందకి పదిహేను పాళ్లు కదలవు.
కుట్టుమిషనుకి అసలు భిన్నమే లేదు.

డైరెక్టరు పిలిచాడు.
"పదిహేడు సరిపోయేదిగా?
అనవసరంగా ఖర్చు పెంచుతున్నావు."
నేను జేబులోంచి మేకు తీసి
ఆయన ముందు పెట్టాను.
ఫ్యాను గాలికి కాగితాలు లేస్తున్నాయి.
ఆయన కాసేపు దాన్ని చూసి,
కాగితాల మీదికి జరిపి
బరువుగా పెట్టుకున్నాడు.